రక్తపరీక్ష కాగితాన్ని పాస్‌బుక్కులా చదువుదాం
(సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొద్దున్నుంచి పొదుపు, అప్పుల వసూళ్లు, బ్యాంకు లింకేజీ లెక్కలు విన్నాం. మాకు ఇచ్చిన అంశం జ్వరాలు. ఇది కూడా లెక్కల సంగతే. వానాకాలం వచ్చిందంటే సంఘంలో అత్యవసర అప్పు అడిగేవాళ్ల నోట వచ్చే మొదటి మాట ఏంటి? "ఇంట్ల జరం పట్టుకుంది అక్కా." ఆ అప్పులో ఎంత మందులకు పోతోంది, ఎంత రక్తపరీక్షలకు పోతోంది అని అడిగితే చాలా ఇళ్లల్లో పరీక్షల వాటానే ఎక్కువ. పోనీ, అంత ఖర్చు పెట్టి తెచ్చుకున్న కాగితం మనకు అర్థమవుతోందా అంటే అదీ లేదు. ఎర్రగా, లావుగా అచ్చయిన అంకె చూసి భయపడతాం. లావు అక్షరం లేకపోతే నిశ్చింతగా పడుకుంటాం. ఈ రెండింటి వల్లా నష్టపోయిన ఇళ్లు మన సంఘాల్లో ఉన్నాయి. అందుకే ఈ ఏడాది ఆ కాగితం గురించే మాట్లాడదామనుకున్నాం.

మన కారిడార్, మన జ్వరాలు

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు మాదాపూర్ చుట్టూ ఎక్కువగా రాళ్లూ గుట్టలే. ఇప్పుడు కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల మేడలే. ఆ మేడల్ని ఊడ్చి తుడిచేది మనం. హాస్టళ్లలో వండేది మనం. అపార్టుమెంట్లలో పిల్లల్ని చూసుకునేది, రోడ్డు మీద టిఫిన్ బండి పెట్టేది మనం. కట్టే బిల్డింగుల సెల్లార్ గుంతల్లో నీళ్లు నిలుస్తాయి. నల్లా రోజూ రాని బస్తీల్లో డ్రమ్ముల్లో నీళ్లు పట్టి పెట్టుకుంటాం. డెంగీ దోమ ఆ మంచి నీళ్లల్లోనే గుడ్లు పెడుతుంది, పట్టపగలే కుడుతుంది. పొద్దున్నే పనికి బయల్దేరే మనకు అది ఎదురొస్తుంది.

తర్వాత 2020 వచ్చింది. మార్చి 2న తెలంగాణలో మొదటి కరోనా కేసు బయటపడింది. నెల తిరక్కుండానే లాక్‌డౌన్. ఆఫీసుల వాళ్లు పనిని ఇంటికి తీసుకెళ్లారు. మన పని ఇంటికి తీసుకెళ్లేది కాదు కదా, ఆగిపోయింది. గచ్చిబౌలిలో క్రీడాకారుల కోసం కట్టిన టవర్ టిమ్స్ ఆసుపత్రి అయింది. 2021 ఎండాకాలం రెండో వేవ్ వచ్చేసరికి మన బస్తీల్లోకి కొత్త మాటలు దిగాయి. సీఆర్‌పీ, డీ-డైమర్, ఫెరిటిన్, ఐఎల్-6. అంతకుముందు డాక్టర్ల నోట్లోనే ఉన్న ఈ పేర్లు కూరగాయల బండి దగ్గర కూడా వినపడ్డాయి. "మా ఆయన సీఆర్‌పీ నలభై ఉందంట" అంటే "మా మరిదికి అరవై" అని. ఆ నలభై ఏంటో, అరవై ఏంటో చెప్పినవాళ్లు మాత్రం తక్కువ.

ఆ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఒంట్లోకి వైరస్ దూరగానే దాన్ని పట్టుకున్న కణాలు ముందుగా కేక వేస్తాయి. ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థం ఆ మొదటి కేక. పక్క కణాలు తలుపులు వేసుకుంటాయి. తర్వాత ఐఎల్-6 లాంటి కబురు మోసే పదార్థాలు రక్తంలో బయల్దేరతాయి. ఐఎల్-6 కబురు కాలేయానికి చేరగానే కాలేయం సీఆర్‌పీని తయారుచేయడం మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లోనే రక్తంలో సీఆర్‌పీ పెరుగుతుంది, సుమారు రెండు రోజులకు పైకి చేరుతుంది. ఒంట్లో మంట తగ్గితే అంతే త్వరగా దిగుతుంది. 1930లో అమెరికాలో న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని మొదటిసారి కనిపెట్టారు. అంటే పరీక్ష పాతదే, మనకు పరిచయం కొత్త.

మామూలుగా ఈ కేకలు నాలుగైదు రోజుల్లో సద్దుమణుగుతాయి. కొందరిలో మొదటి కేక ఆలస్యమవుతుంది, ఆ తర్వాతి గోల మాత్రం ఆగదు. గల్లీలో ఒక ఇంటికి నిప్పంటుకుంటే ఆర్పడానికి పోసిన నీళ్లే నాలుగిళ్లు ముంచినట్టు, వైరస్ మీదికి లేచిన మన సొంత రక్షణే ఊపిరితిత్తుల్ని, రక్తనాళాల్ని దెబ్బతీస్తుంది. కరోనాలో ఊపిరి అందకపోవడం, డెంగీలో రక్తనాళాల నుంచి నీరు కారిపోవడం ఇలా జరిగేవే. మనిషి కళ్ల ముందు కూలబడక ముందే ఈ గోల రక్తంలో వినిపిస్తుంది. అందుకే డాక్టర్లు రక్తంలో ముందు కబురు వెతుకుతున్నారు.

ఇది ఊహ కాదు. న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ ఆసుపత్రుల్లో చేరిన దాదాపు 1,500 మంది కరోనా రోగుల రక్తాన్ని చేరిన రోజుల్లోనే పరీక్షించారు. ఐఎల్-6, టీఎన్ఎఫ్ ఆల్ఫా ఎక్కువున్నవాళ్లకు ముప్పు ఎక్కువని 2020లో తేల్చారు. అదే ఏడాది ఇంకో బృందం, ప్రాణం మీదికి వచ్చిన 987 మంది కరోనా రోగుల్ని చూస్తే, సుమారు ప్రతి పది మందిలో ఒకరికి తమ ఇంటర్‌ఫెరాన్‌నే అడ్డుకునే యాంటీబాడీలు వాళ్ల రక్తంలోనే ఉన్నాయని కనిపెట్టింది. మొదటి కేక వేసే నోటినే మూసేయడం అన్నమాట.

డెంగీ మీద కూడా పని జరిగింది. వియత్నాం, కంబోడియా, మలేషియా, ఎల్ సాల్వడార్ దేశాల్లో 837 మంది రోగుల రక్తంలో, జ్వరం వచ్చిన మొదటి మూడు రోజుల్లోనే పది రకాల గుర్తులు కొలిచారు. 2021లో ఫలితాలు వచ్చాయి. ఏ ఒక్క గుర్తు కన్నా, కొన్నింటిని కలిపి చూస్తేనే ఎవరికి ముదురుతుందో బాగా తెలిసింది. పిల్లలకు ఒక జట్టు గుర్తులు, పెద్దవాళ్లకు ఇంకో జట్టు పనికొచ్చాయి. ఆ పదిలో మన వీధి ల్యాబులో మామూలుగా దొరికేవి రెండే, సీఆర్‌పీ, ఫెరిటిన్. మిగతావి పరిశోధన ల్యాబుల్లోవి. కాబట్టి రేపు ఎవరైనా "ఒక్క పరీక్షతో డెంగీ ముదురుతుందో లేదో చెప్పేస్తాం" అంటే ఆ మాట గుర్తు పెట్టుకోండి. పది కొలిచినవాళ్లే ఒక్కటి చాలదన్నారు.

అంకెను తప్పుగా చదివితే

2021 రెండో వేవ్‌లో ఈ పరీక్షలకు పెట్టిన ఖర్చు మనందరికీ గుర్తే. ఆ జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రుల్లో ధరలకు హద్దు పెట్టింది. ఐఎల్-6కు 1,300 రూపాయలు, సీఆర్‌పీకి 500, ఫెరిటిన్‌కు 400, డీ-డైమర్‌కు 300, ఎల్‌డీహెచ్‌కు 140. మొత్తం కలిపితే 2,640. ఇది హద్దు పెట్టిన తర్వాతి ధర, ఒక్కసారి చేసినందుకు. మూడుసార్లు చేయిస్తే 7,920. ఇంట్లో నలుగురికి పాజిటివ్ వచ్చి నలుగురికీ చేయిస్తే ఎంతో మీరే వేసుకోండి. చిట్టీ డబ్బులు, పుస్తెలతాడు ఎక్కడికి పోయాయో అక్కడ తెలుస్తుంది.

డబ్బు పోవడం ఒక నష్టం. అంతకన్నా పెద్దది ఇంకోటి ఉంది. 2020 జూన్‌లో ఇంగ్లండ్‌లో రికవరీ అనే పెద్ద పరిశోధన నుంచి ఒక మంచి వార్త వచ్చింది. డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్ వల్ల వెంటిలేటర్ మీదున్నవాళ్లలో చావులు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ మీదున్నవాళ్లలో అయిదో వంతు తగ్గాయి. కానీ ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు దానివల్ల మేలు కనిపించలేదు. ఈ చివరి మాట చాలామందికి చేరలేదు. రెండో రోజో మూడో రోజో సీఆర్‌పీ కొంచెం పెరిగిందని, ఊపిరి బాగానే ఉన్నా స్టెరాయిడ్ మింగినవాళ్లు మన బస్తీల్లో ఉన్నారు. స్టెరాయిడ్ వైరస్‌ను చంపదు, మన రక్షణ గోలను తగ్గిస్తుంది. వైరస్ ఇంకా పెరుగుతున్న రోజుల్లో ఆ రక్షణను పడుకోబెడితే ఎవరికి లాభం? పైగా షుగర్ పెరుగుతుంది. ఆ మే నెలలో బ్లాక్ ఫంగస్ వచ్చి కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి దానికే ప్రత్యేకమైన సంగతి మరిచిపోలేం. అదుపులో లేని షుగర్, అవసరానికి మించిన స్టెరాయిడ్ దానికి పెద్ద కారణాలని డాక్టర్లు చెప్పారు. అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ డాక్టర్ రణదీప్ గులేరియా కూడా ఆ మే నెల మొదట్లోనే, లక్షణాలు స్వల్పంగా ఉన్నవాళ్లకు సీటీ స్కాన్లూ ఈ రక్తపరీక్షలూ అక్కర్లేదని, మొదట్లోనే స్టెరాయిడ్ వద్దని విలేకరుల ముందు చెప్పారు.

అదే అంకెను సరిగ్గా వాడితే ఎలా ఉంటుందో కూడా వినండి. టోసిలిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఐఎల్-6 కబురును అడ్డుకుంటుంది. 2021లో దానికోసం జనం ఎంత తిరిగారో తెలుసు. రికవరీ పరిశోధనలో దాన్ని ఎవరికిచ్చి చూశారంటే, ఆక్సిజన్ తగ్గి ఉండాలి, సీఆర్‌పీ 75 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. రెండూ ఉన్నవాళ్లకే. అలాంటివాళ్లలో చావులు తగ్గాయి. అంకె ఒక్కటే ఉండి ఊపిరి బాగుంటే ఆ మందు జోలికి పోలేదు. కాగితాన్నీ మనిషినీ పక్కపక్కన పెట్టి చూడటమంటే అదే.

పాస్‌బుక్కు చదివినట్టు

మన సంఘంలో ఒక సభ్యురాలి ఖాతాలో ఈరోజు 2,000 ఉందని చెబితే ఆమె పరిస్థితి బాగుందో లేదో చెప్పగలమా? పోయిన నెల 8,000 ఉంటే దిగజారుతోంది. పోయిన నెల 500 ఉంటే బాగుపడుతోంది. ఒక్క నిల్వ చూసి ఎవరమూ అప్పు మంజూరు చెయ్యం. తేదీలు చూస్తాం, పాత నిల్వ చూస్తాం, ఆ మనిషినీ చూస్తాం. రక్తపరీక్షనూ ఇలాగే చదవాలి. మూడే ప్రశ్నలు.

మొదటిది, ఇది జ్వరం వచ్చి ఎన్నో రోజు? పరీక్ష చేయించిన తేదీ కాగితం మీదే ఉంటుంది. జ్వరం మొదలైన రోజు మాత్రం మనమే రాసి పెట్టుకోవాలి. కరోనాలో ముదిరేవాళ్లకు ఎక్కువగా అయిదో రోజు నుంచి పదో రోజు మధ్య ముదురుతుంది. డెంగీలో మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, అదీ జ్వరం దిగే సమయంలో. మొదటి రోజే అన్ని పరీక్షలు కట్టగట్టి చేయించి, అసలు అవసరమైన రోజున చేతిలో పైసలు లేక ఊరుకోవడం మనం చూస్తున్నాం.

రెండోది, ఇంతకుముందు ఎంత ఉంది? దీనికో ఉదాహరణ చెబుతాం, జాగ్రత్తగా వినండి. డెంగీలో రక్తనాళాల నుంచి నీరు బయటికి కారిపోతే రక్తం చిక్కబడుతుంది. సీబీపీ కాగితంలో పీసీవీ అనే అంకె పెరుగుతుంది. తన మామూలు అంకె మీద 20 శాతం పెరిగితే నీరు కారుతోందని గట్టి గుర్తు. మన రాష్ట్రంలో ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లమే. అలాంటి అక్కకు మామూలు రోజుల్లో పీసీవీ 30 ఉందనుకోండి. డెంగీ నాలుగో రోజు అది 36 అయింది. 30 మీద 6 పెరిగితే 20 శాతం, అంటే ప్రమాదం. కానీ చాలా ల్యాబుల్లో ఆడవాళ్లకు 36 అంటే నార్మల్‌లో పడుతుంది. కాగితం మీద ఎర్ర గీత ఉండదు. "అంతా నార్మలే" అని ఇంటికి పంపితే? పాత కాగితం చేతిలో ఉంటేనే ఆ 36 ఏం చెబుతోందో డాక్టరుకు తెలుస్తుంది. పాత సీబీపీ కాగితం పారేయకండి అక్కా. అది మన రక్తానికి పాస్‌బుక్కు.

ఫెరిటిన్ సంగతీ ఇంతే. అది ఒంట్లో దాచుకున్న ఇనుముకు లెక్క. ఒంట్లో మంట లేస్తే అది కూడా పెరుగుతుంది. రక్తం తక్కువున్న మనిషికి మామూలుగా బాగా తక్కువ ఉంటుంది కాబట్టి, జబ్బులో పెరిగినా కాగితం మీద మామూలుగానే కనిపించొచ్చు. డీ-డైమర్ గర్భిణులకు జబ్బు లేకపోయినా పెరుగుతుంది. సీఆర్‌పీ పంటి చీముకూ పెరుగుతుంది, మూత్రంలో ఇన్‌ఫెక్షనుకూ పెరుగుతుంది. ఏ జబ్బో అది చెప్పదు. ఒంట్లో మంట ఎంతుందో మాత్రమే చెబుతుంది.

ఇంకో చిన్న సంగతి. సీఆర్‌పీని కొన్ని ల్యాబులు లీటరు లెక్కన ఇస్తాయి, కొన్ని డెసిలీటరు లెక్కన ఇస్తాయి. లీటరుకు 40 మిల్లీగ్రాములన్నా, డెసిలీటరుకు 4 అన్నా ఒకటే. ఒక ల్యాబులో 4, ఇంకో ల్యాబులో 40 అని వస్తే పదిరెట్లు పెరిగిందని గుండెలు బాదుకోకండి. అంకె పక్కన ఏం రాసుందో చదివించుకోండి. వీలైతే ఒకే ల్యాబులో చేయించండి.

మూడోది, మనిషి ఎలా ఉంది? ఊపిరి ఎలా ఉంది, మూత్రం వస్తోందా, నీళ్లు నిలుస్తున్నాయా, పిలిస్తే పలుకుతోందా? వేలికి పెట్టే ఆక్సీమీటరులో కూర్చున్నప్పుడు 93 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే రక్తపరీక్ష ఫలితం కోసం ఎదురుచూడొద్దు, ఆసుపత్రికి పోవాలి. గోళ్ల రంగు, గోరింటాకు ఉంటే అంకె తేడా వస్తుంది, వేరే వేలికి పెట్టండి. చామనఛాయ, నలుపు ఒంటివాళ్లకు ఆ మిషను ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువ చూపించొచ్చని కూడా తేలింది. కాబట్టి ఆయాసం ఉంటే అంకె బాగున్నా నమ్మి కూర్చోవద్దు.

తక్కువ ఖర్చుతో దొరికే ముందు కబురు ఒకటుంది. సీబీపీ కాగితంలో తెల్ల కణాల వాటాలు శాతాల్లో ఉంటాయి. న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్స్‌తో భాగించండి. 60కి 30 ఉంటే భాగహారం 2. రెండు రోజుల తర్వాత 80కి 10 అయితే 8. కరోనాలో ఈ అంకె ఇలా ఎగబాకడం ముప్పుకు గుర్తని చాలా ఆసుపత్రులు వాడాయి. ఖరీదైన పరీక్ష అక్కర్లేదు, నెలనెలా వడ్డీ లెక్క కట్టే మనకు ఇదెంత పని? స్టెరాయిడ్ వాడుతుంటే మాత్రం ఈ లెక్క మారిపోతుంది, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. లెక్క మనం కట్టినా, మందు నిర్ణయం డాక్టరుదే.

డెంగీ జ్వరం దిగిన రోజు

అందరూ గుర్తుంచుకోవాల్సిన మాట ఇది. డెంగీలో జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజులే గండం. "నాకేం కాలే, జరం తగ్గింది, పనికి పోతా" అని లేచి బస్సెక్కేది ఆ రోజే. రెండిళ్ల పని, హాస్టల్లో చపాతీలు, పోకపోతే జీతం కోత. మనకు తెలుసు. కానీ ఆ రోజునే రక్తనాళాలు కారతాయి.

అప్పుడు చూడాల్సిన గుర్తులు ఇవి. కడుపులో ఆగని నొప్పి, మళ్లీ మళ్లీ వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, నెలసరి కాని రోజుల్లో రక్తస్రావం లేదా నెలసరిలో మామూలుకు మించి పోవడం, బాగా నీరసం లేదా కుదురు లేకపోవడం, కాళ్లూ చేతులూ చల్లబడటం, మూత్రం తగ్గిపోవడం. వీటిలో ఒక్కటున్నా 108కి ఫోన్ చేయాలి. కాగితం మీద ఏమున్నా సరే.

ప్లేట్‌లెట్ల గురించి భయం ఎక్కువ. లక్ష కన్నా తగ్గితే జాగ్రత్తగా చూడాలి, నిజమే. అవి వేగంగా తగ్గుతూ పీసీవీ పెరుగుతుంటే అది హెచ్చరిక. కానీ రక్తస్రావం లేకుండా, 10,000 కన్నా పైనుంటే సాధారణంగా ప్లేట్‌లెట్లు ఎక్కించక్కర్లేదని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రాత్రికి రాత్రి దాతల కోసం, అప్పు కోసం పరుగెత్తే ముందు "రక్తం పోతోందా? పీసీవీ ఎంత?" అని డాక్టరును అడగండి. అడగడం మన హక్కు. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఒళ్లునొప్పుల బిళ్లలు, బ్రూఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ లాంటివి డెంగీ అనుమానం ఉన్నప్పుడు మింగొద్దు, రక్తస్రావం పెరుగుతుంది.

డెంగీ కిట్టు కాగితంలో మూడు పేర్లుంటాయి. ఎన్ఎస్1 అంటే వైరస్ ముక్క, మొదటి రోజుల్లోనే దొరుకుతుంది. ఐజీఎం సుమారు అయిదో రోజు నుంచి కనపడుతుంది. ఐజీజీ మొదటి రోజుల్లోనే పాజిటివ్ వస్తే అంతకుముందు ఎప్పుడో ఒకసారి డెంగీ వచ్చి పోయి ఉండొచ్చని అర్థం. డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. ఒక రకం వచ్చి తగ్గినవాళ్లకు ఇంకో రకం వస్తే పాత యాంటీబాడీలు ఆపకపోగా వైరస్‌కే సాయపడే ప్రమాదం ఉంది. రెండోసారి వచ్చినవాళ్లలో కూడా ఎక్కువమంది బాగవుతారు, భయపడక్కర్లేదు. కానీ వాళ్లను ఇంకొంచెం దగ్గరగా చూసుకోవాలి. ఇదీ రక్తం చెప్పే ముందు కబురే.

గర్భిణులు, పసిపిల్లలు, ముసలివాళ్లు, షుగర్, కిడ్నీ జబ్బున్నవాళ్లు జ్వరం మొదట్లోనే డాక్టరును కలవాలి. వాళ్ల విషయంలో గుర్తుల కోసం ఆగొద్దు.

పైసలు ఎక్కడ మిగుల్తాయి?

బస్తీ దవాఖానాల్లో రక్త నమూనా ఉచితంగా తీసుకుంటారు. 2018లో నారాయణగూడ ఐపీఎంలో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబుకు అవి పోతాయి. ఫలితం ఫోనుకు వస్తుంది. ఆ మెసేజ్ తుడిచేయకండి. ముదిరే అవకాశం ఉంటే మనకు దగ్గర కొండాపూర్ ఏరియా ఆసుపత్రి, నగరంలో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, గాంధీ, ఉస్మానియా ఉన్నాయి. ఫీవర్ ఆసుపత్రికి సర్ రొనాల్డ్ రాస్ పేరుంది. 1897 ఆగస్టులో మన సికింద్రాబాద్‌లోనే దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినాయన. దోమ సంగతి ఈ ఊరికి అంత పాతది.

ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ చేసేవాళ్లు జీతం 21,000 లోపుంటే ఈఎస్‌ఐ కిందికి వస్తారు. కార్డు చేతిలో ఉందా, మీ వాటా కడుతున్నారా అని కాంట్రాక్టరును అడగండి. చందా షరతులు పూర్తయి, ఈఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే జబ్బు రోజులకు జీతంలో 70 శాతం వస్తుంది, ఏడాదికి 91 రోజుల దాకా. జ్వరం దిగిన రోజు పనికి పోకుండా ఉండటానికి ఈ హక్కు ప్రాణంతో సమానం. రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. రేషన్ కార్డు, ఆధార్ ఎక్కడున్నాయో ఇంట్లో అందరికీ తెలిసుండాలి.

ఫోన్లో "ఫీవర్ ప్యాకేజీ, అరవై పరీక్షలు, సగం ధరకే" అని వస్తుంటాయి. అరవైలో ఈ రోజుకు, ఈ మనిషికి కావాల్సినవి ఎన్ని? డాక్టరు చూడకుండా ప్యాకేజీ కొనడమంటే, అవసరం తెలియకుండా అప్పు తీసుకోవడమే.

మహాసభ ముందు పెడుతున్న తీర్మానాలు

ఆరోగ్య ఉపసంఘం నాలుగు సంగతులు మీ ముందు పెడుతోంది.

ఒకటి. ప్రతి సభ్యురాలూ ఏడాదికోసారి, ఆరోగ్యంగా ఉన్నప్పుడే, బస్తీ దవాఖానాలో సీబీపీ చేయించుకుని ఆ కాగితాన్ని సంఘం పాస్‌బుక్కులో పెట్టుకోవాలి. ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోనులో కూడా ఉంచాలి.

రెండు. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా క్యాలెండరు మీద మొదటి రోజుకు సున్నా చుట్టాలి. ఆ పక్కనే రోజూ జ్వరం, మూత్రం, వాంతులు, ఏ పరీక్ష ఎంత వచ్చింది అని రాయాలి. చదువురానివాళ్లకు పక్కింటి సభ్యురాలు రాసిపెట్టాలి.

మూడు. ప్రమాద గుర్తులు కనిపిస్తే అత్యవసర అప్పుకు వారం మీటింగు దాకా ఆగొద్దు. ఇద్దరు లీడర్లు ఫోనులో ఒప్పుకుంటే అదే రోజు ఇచ్చి, తర్వాతి మీటింగులో రాసుకునే పద్ధతి పెట్టాలి. డెంగీ గండం ఒకటి రెండు రోజులు. మన మీటింగు ఏడు రోజులకోసారి. ఈ లెక్క కుదరదు.

నాలుగు. డెంగీ తగ్గిన సభ్యురాలు జ్వరం దిగాక రెండు రోజులైనా ఇంట్లో ఉండేలా సంఘం చూడాలి. టిఫిన్ బండి ఉంటే ఇంకొకరు నడపాలి. అపార్టుమెంటు పని ఉంటే బదులు ఒకరు పోయి రావాలి. మంది కోసం మనం, మన కోసం మంది అనుకునే కదా సంఘం పెట్టుకున్నాం.

అక్కచెల్లెళ్లారా, పదిహేనేళ్ల కిందట బ్యాంకు మెట్లెక్కడానికి భయపడ్డ మనం ఈరోజు లక్షల లింకేజీ లెక్కలు నోటితో చెబుతున్నాం. తేదీ, పాత నిల్వ, కొత్త నిల్వ, మనిషి. ఈ నాలుగూ చూడటం మనకు వచ్చిన విద్యే. రక్తపరీక్ష కాగితానికీ అదే విద్య సరిపోతుంది. తీర్మానాల మీద చర్చకు పిలుస్తున్నాం. మొదట మూడో తీర్మానం, అత్యవసర అప్పు సంగతి తీసుకోవాలని అధ్యక్షురాలిని కోరుతున్నాం.